దారం తెగని మోటారు

మా చిన్నాయన కొట్టేటప్పుడు మాట్లాడడు. తిట్టు ఉండదు, అరుపు ఉండదు. మగ్గం గుంటలోంచి లేచి వస్తాడు, మా చిన్నమ్మ జుట్టు ఎడమ చేతికి చుట్టుకుంటాడు, కుడి చేత్తో వీపు మీద, మెడ మీద గుద్దుతాడు. నాలుగో అయిదో గుద్దులు. మళ్ళీ పోయి గుంటలో కూర్చుంటాడు. పోగును మోసుకుపోయే నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు మొదలవుతుంది. ఆ ఇంట్లో ఏదో జరిగిందని వీధిలో పోయేవాళ్ళకు తెలిసేది మగ్గం ఆగిన ఆ రెండు నిమిషాల వల్లనే.

చిన్నమ్మ మా అమ్మకు సొంత చెల్లెలు. ఇద్దరూ అమరచింతలో నేతవాళ్ళ ఇంట్లో పుట్టినవాళ్ళు. అమ్మను ఊళ్ళోనే ఇచ్చారు, చిన్నమ్మను గద్వాలకు ఇచ్చారు. చిన్నమ్మకు పిల్లలు కాలేదు. నేను వనపర్తిలో పాలిటెక్నిక్ చదివి, డిప్లొమా కాగితం చేతపట్టుకుని ఏడాది తిరిగి, ఎక్కడా ఉద్యోగం దొరక్క, తొంభైల మధ్యలో గద్వాల బస్టాండు వెనక మోటార్ల వైండింగ్ షాపు పెట్టాను. పొద్దున పూట టీ, పగటి అన్నం చిన్నమ్మ ఇంట్లోనే. అలా ఆ ఇంటి సంగతి నాకు రోజూ కనపడేది.

నాకు కోపం ఎక్కువ. ఈ మాట చాలా ఏళ్ళు గొప్పగానే చెప్పుకున్నాను. తప్పు కనపడితే ఊరుకోను, మొహం మీదనే అడుగుతాను, అవసరమైతే చెయ్యి చేసుకుంటాను అని. నాది న్యాయమైన కోపం, చిన్నాయనది రాక్షసుడి కోపం. ఇరవై అయిదేళ్ళ వయసులో ఈ తేడా నాకు పట్టపగలంత స్పష్టంగా ఉండేది.

ఆ ఏడు ఎండాకాలంలో చిన్నమ్మ కుడి భుజం జారింది. డ్రమ్ము తిప్పుతుంటే జారిందని దవాఖానలో చెప్పింది. డ్రమ్ము తిప్పితే వీపు మీద కమిలిన మచ్చలు పడవు. ఆ సంగతి డాక్టరుకూ తెలుసు, నాకూ తెలుసు, అయినా ఆయన డ్రమ్మనే రాసుకుని భుజానికి కట్టు కట్టాడు.

ఆ డ్రమ్ము గురించి చెప్పాలి. గద్వాల చీర ఒళ్ళంతా నూలు, అంచు పట్టు. అంచుకు కావలసిన పట్టు పోగులను ముందుగా మనిషెత్తు చెక్క డ్రమ్ము మీద పక్కపక్కన చుట్టుకోవాలి. అది పడుగు. డ్రమ్ముకు ఒక పిడి ఉంటుంది. చిన్నమ్మ కుడి చేత్తో పిడి తిప్పుతూ, ఎడమ చేతి వేళ్ళ మీదుగా పోగులను పోనిస్తూ ఉండేది. ఆమె చేతిలో పోగు తెగడం నేను చూడలేదు. ఏ పోగు బిగుసుకుంటోందో వేళ్ళకు ముందే తెలిసేది, చెయ్యి తనంతట తానే నెమ్మదించేది.

భుజం జారాక ఆ చెయ్యి పైకి లేవడం మానేసింది. పడుగు లేకపోతే మగ్గానికి పని లేదు. చిన్నాయన నాగర్‌కర్నూల్‌లో మూతపడిన పల్లీల మిల్లు నుంచి పాత మోటారు ఒకటి తెచ్చి నా షాపు ముందు దింపాడు.

"దీన్ని డ్రమ్ముకు బిగియ్యి. మీ చిన్నమ్మ ఉత్తగ నిలవడి పోగులు సూసుకుంటది," అన్నాడు.

సంతోషంగా చేశాను. తీగ మొత్తం విప్పి కొత్తగా చుట్టాను. అది త్రీఫేజు మోటారు. ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజు. ఒక కెపాసిటర్ తగిలించి ఎలాగోలా తిరిగేటట్టు చేశాను. బెల్టు వేశాను. స్విచ్చు నొక్కాను. డ్రమ్ము ఎద్దు తన్నినట్టు ఒక్క ఊపుతో కదిలింది, పన్నెండు పోగులు ఒకేసారి తెగి గాల్లో వేలాడాయి.

మోటారుకు తెలిసినవి రెండే. ఆగి ఉండడం, లేకపోతే పూర్తి వేగంతో తిరగడం. మధ్యలో ఏమీ లేదు. పోగు తెగితే కొస వెతికి ముడి వెయ్యాలి. ఒక్క కొస దొరక్కపోయినా అంచులో గీత పడుతుంది, చీరలు కొనే సేటు దాన్ని పక్కకు పెడతాడు. పన్నెండు కొసలు వెతికేసరికి పగలు సగం గడిచిపోయేది. ఇదివరకు నెలకు ఒకటి రెండుసార్లు ఆగే మగ్గం ఇప్పుడు రోజూ ఆగసాగింది. అంటే, నేను బిగించిన మోటారు వల్ల చిన్నమ్మకు రోజూ దెబ్బలు పడుతున్నాయి.

ఒక రోజు పగటి అన్నానికి వెళ్ళేసరికి ఆమె డ్రమ్ము పక్కన నేల మీద ఉంది. చిన్నాయన జుట్టు పట్టుకునే ఉన్నాడు. కట్టు కట్టిన భుజం మీదనే గుద్దుతున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్ళి ఆయన గల్లా పట్టి లాగాను. నేత పని చేసే మనిషి, చేతులు ఇనుము. నన్ను ఎత్తి వాకిట్లోకి విసిరేశాడు. రోలుకు తగిలి కనుబొమ మీద చర్మం చీలింది. రక్తం కంట్లోకి దిగుతుంటే తుడుచుకుంటూ లేచి, మళ్ళీ మీద పడ్డాను. ఆయన ముక్కు మీద తల పెట్టి పొడిచాను. ఆయన ముక్కు నుంచి, నా నుదుటి నుంచి కారిన రక్తం ఇద్దరి అంగీల మీదా ఉంది. వీధిలో వాళ్ళు వచ్చి విడదీశారు.

నలుగురి ముందర, ముక్కు పట్టుకుని, చిన్నాయన ఆ దెబ్బల గురించి మొదటిసారి మాట్లాడాడు.

"దారం తెగకుంటె నేనెందుకు కొడత? నాకేమన్న పిచ్చి లేసిందా? నువ్వు పెద్ద సదువు సదివినవు గద. దారం తెగకుంట మోటరు తిప్పు. తిప్పిన నాటి సంది మీ చిన్నమ్మను ముడితె నా చెయ్యి నరుకు. గిందరి ముందర చెప్తున్న."

"తిప్పుత," అన్నాను. "తిప్పినంక ముడితె నరుకుత."

చిన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని మమ్మల్నిద్దరినీ చూస్తోంది. కాసేపటికి లేచి నా నుదుటికి పసుపు అద్దింది.

ముందు అందరూ చేసే పని నేనూ చేశాను. ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది పెట్టి వోల్టేజీ తగ్గించాను. మోటారు గుర్రుమంటూ వేడెక్కింది, వేగం మాత్రం తగ్గలేదు. ఇంకా తగ్గిస్తే ఆగిపోయింది. మళ్ళీ పెంచితే మళ్ళీ అదే తన్ను. డిప్లొమాలో చదివిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది. ఈ రకం మోటారు వేగం వోల్టేజీ చేతిలో లేదు, కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో దాని చేతిలో ఉంది. స్తంభం మీద నుంచి వచ్చేది సెకనుకు యాభైసార్లు ఊగుతుంది. మోటారు మెల్లగా కదలాలంటే అయిదుసార్లు, పదిసార్లు ఊగే కరెంటు కావాలి. అది ఎవ్వరూ ఇవ్వరు. మనమే తయారు చేసుకోవాలి.

పొద్దున బస్సెక్కి వనపర్తి వెళ్ళి, నాకు ఎలక్ట్రానిక్స్ చెప్పిన సారును కలిశాను. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. నా నుదుటి కుట్లు చూసి, ఎందుకని అడగకుండా కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు. ఇంటికి వచ్చే కరెంటును ముందు ఒకే దిక్కుకు పారేటట్టు మార్చి పెద్ద కెపాసిటర్లలో నింపాలి. అక్కడి నుంచి ఆరు పవర్ ట్రాన్సిస్టర్లు, జతకు రెండు చొప్పున మూడు జతలు. జతలో పైది తెరుచుకుంటే కరెంటు మోటారులోకి పోతుంది, కిందిది తెరుచుకుంటే వెనక్కి వస్తుంది. ఏది ఎప్పుడు తెరవాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో సెకనుకు వేలసార్లు చెప్పడానికి ఒక మైక్రోకంట్రోలర్ చిప్పు. అందులో మనం రాసిన ప్రోగ్రామ్ ఉంటుంది.

"ఒక్కటి మాత్రం బుర్రలో పెట్టుకో," అన్నాడు సారు. "జతల రెండూ ఒక్కసారి తెరుచుకోవద్దు. తెరుచుకుంటె కరెంటు మోటరులకు పోదు, పైకెంచి కిందికి సీదా పడ్తది. బాంబే. పైది మూసుకున్నంక జర ఆగి కిందిది తెరువు. ఆ జరంత ఆగుడే దీంట్ల అసలు విద్య."

నాకు ఆగడం రాదు. ఆ సంగతి సారుకు మూడేళ్ళు నన్ను చూసి తెలుసు. అందుకే రెండుసార్లు చెప్పాడు.

హైదరాబాదు కోఠిలో సామాన్లు తెచ్చాను. షాపులో వైండింగ్ పని పక్కకు నెట్టి బల్ల మీద బోర్డు పరిచాను. మొదటి ప్రోగ్రామ్‌లో ఆగడం అనే మాట రాశాననే అనుకున్నాను. స్విచ్చు వేశాను. తుపాకి పేలినట్టు పేలింది. ట్రాన్సిస్టరు నల్ల పెంకు ముక్క ఎగిరి నా చెవి పక్క నుంచి పోయి గోడలో దిగబడింది. చెవిలో గుయ్యిమని మోత. నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? మల్టీమీటరు తీసి గోడకేసి కొట్టాను. అది కూడా ముక్కలైంది. కోఠికి ఇంకో ప్రయాణం.

రెండోసారి పేలలేదు. మోటారు వణికి ఆగిపోయింది. స్విచ్చు ఆపేశాను కదా అని బోర్డు మీద చెయ్యి పెట్టాను. కరెంటు తీసేసినా పెద్ద కెపాసిటర్లలో అది నిలవ ఉంటుందని పుస్తకంలో చదివిందే. చదివింది వేరు, ఒంటికి తగలడం వేరు. భుజం దాకా గొడ్డలితో నరికినట్టయింది. బల్ల ముందు నుంచి వెనక్కి పడి రాగి తీగ చుట్టల మధ్య చాలాసేపు నోరు తెరుచుకుని పడుకున్నాను. లేచాక నాలుక కొరుక్కున్నానని తెలిసింది. ఆ రోజే ఒక ఎర్ర బల్బు, కెపాసిటర్లను ఖాళీ చేసే రెసిస్టరు తగిలించాను. బల్బు పూర్తిగా ఆరితేనే చెయ్యి పెట్టాలి.

మూడోది పేలింది. నాలుగోది పేలింది. ప్రతి పేలుడుకు నేను ఏదో ఒకటి పగలగొట్టాను. ఒకసారి స్టూలు, ఒకసారి నా చేతి గడియారం.

ఈ లోపల వడ్డేపల్లి నుంచి ఒక రైతు తన బావి మోటారు కోసం నాలుగోసారి వచ్చాడు. తిరగకపోతే మిరప తోట ఎండిపోతుందని ఆయన బాధ. నేను ఆయన మోటారు విప్పి మూలకు పెట్టి మూడు వారాలైంది. ఆయన నిజంగా మర్యాదగానే మొదలుపెట్టాడు.

"పటేలా, గియ్యాల ఇస్తవా ఇయ్యవా? తోట మొత్తం వొరుగు అయితుంది."

"ఇస్తనన్న గద. నెత్తి మీద కూసోకు."

"నెత్తి మీద కూసునుడేంది? నా వస్తువ నాకియ్యి. నీతోని కాకుంటె ఇంకొక్కనికిస్త."

నీతోని కాకుంటె అన్న మాట నా చెవిన పడగానే, ఆ మాట ఎవరు అన్నారో, ఏ మోటారు గురించి అన్నారో నేను ఆలోచించలేదు. చెంప మీద కొట్టాను. నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు. ఆయన తలపాగా బస్టాండు మట్టిలో పడింది. ఆయన ఊరుకుంటాడా, కాలు ఎత్తి కడుపులో తన్నాడు. ఇద్దరం దొర్లాం. చివరికి బస్సు డ్రైవర్లు మా మీద నీళ్ళు కుమ్మరించారు, కుక్కల మీద కుమ్మరించినట్టు. ఆయన మోటారు ముక్కలను బస్తాలో వేసుకుని, నా గుమ్మం మీద ఉమ్మేసి పోయాడు.

ఆ పగలు అన్నం దగ్గర చిన్నమ్మ నా పెదవి వాపు చూసింది.

"ఎవలతోని?"

"ఒక్కడు నోరు జారిండు."

ఆమె చారు పోసింది. నీ కోసమే ఇదంతా అని చెప్పాలనిపించింది నాకు. చెప్పాను కూడా. ఆమె తల ఊపింది.

అయిదోసారి కుదిరింది. తప్పు నా తొందరలోనే ఉంది. ఆగే సమయం రాశాను గాని, వేగం మారే చోట దాన్ని దాటుకుని పోయే దారి ఒకటి ప్రోగ్రామ్‌లో మిగిలిపోయింది. సారు కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. సరిచేసి, వనపర్తి ల్యాబులోనే చిప్పులోకి ఎక్కించి తెచ్చాను. మొదట సెకనుకు రెండుసార్లు ఊగే కరెంటు. ఆ తర్వాత మూడు. ఆ తర్వాత నాలుగు. వేగంతో పాటే వోల్టేజీ కూడా మెట్టు మెట్టుగా. షాపులో మోటారు ఇరుసుకు ఒక పోగు కట్టి చూశాను. మొదటి చుట్టు తిరగడానికి ఊపిరి పీల్చి వదిలినంత సేపు పట్టింది. పోగు బిగుసుకుంది, తెగలేదు. నేను బల్ల మీద తల పెట్టి ఏడ్చాను.

డ్రమ్ముకు బిగించిన రోజు మా వీధి వాళ్ళంతా వచ్చారు. రేకు డబ్బాలో బోర్డు, డబ్బా మీద వేగం మార్చడానికి తిప్పే ఒక బొత్తం. బొత్తం తిప్పితే డ్రమ్ము చిన్నమ్మ చెయ్యి తిప్పినంత నెమ్మదిగా కదిలింది. ఆమె పోగుల కింద వేళ్ళు పెట్టి నిలబడింది. ఒక పోగు బిగుస్తుంటే బొత్తం వెనక్కి తిప్పింది, డ్రమ్ము నెమ్మదించింది, పోగు వదులైంది, మళ్ళీ ముందుకు తిప్పింది. అరగంట గడిచింది. ఒక్కటీ తెగలేదు. చిన్నాయన గుంటలో కూర్చుని ఆ డబ్బా వంకే చూస్తున్నాడు.

"తిప్పినవు," అన్నాడు. "మాట మాటనే."

ఆ తర్వాత మూడు నెలలు ఆయన ఆమెను ముట్టుకోలేదు. ఇది నిజం. మనిషి మారాడని కాదు. కోపం వస్తే మగ్గం చెక్కను కొట్టేవాడు, అన్నం కంచం విసిరేవాడు, ఒకసారి తన నుదుటినే గోడకు కొట్టుకున్నాడు. నలుగురి ముందర ఇచ్చిన మాట కనుక చెయ్యి ఆపుకున్నాడు. చిన్నమ్మ మెడ మీద మచ్చలు పసుపు రంగుకు మారి, పోయాయి. ఆమె కాస్త ఒళ్ళు చేసింది. ఒకసారి డ్రమ్ము పక్కన ఏదో పాట కూనిరాగం తీస్తుంటే విన్నాను. నేను వచ్చానని చూసి ఆపేసింది.

డబ్బాలో నూలు దుమ్ము చేరుతుందని, వారానికోసారి మూత తీసి మెత్తటి గుడ్డతో తుడవమని ఆమెకు నేర్పాను. ముందు స్విచ్చు ఆపు, ప్లగ్గు పీకు, ఎర్ర బల్బు ఆరేదాకా చూడు, ఆ తర్వాత మూత తియ్యి. నేను చెప్పింది చెప్పినట్టు చేసేది. ట్రాన్సిస్టర్లు ఏవో, చిప్పు ఏదో అడిగి తెలుసుకుంది. "గీ ఆరుగురు తిప్పెటోళ్ళు, గీ ఒక్కడు చెప్పెటోడు," అని వేలితో చూపించేది.

దసరా వచ్చింది. మా ఇళ్ళల్లో పూజ నాడు మగ్గానికి పని ఉండదు. నాడె, పోగులను దువ్వెనలా విడదీసే పన్నె, నూలు చుట్టే కండెలు అన్నీ కడిగి బొట్టు పెడతారు. బొట్టు పని చేసే వస్తువుకే తాకాలి, దాని మీద కప్పిన గుడ్డకో మూతకో పెడితే చెల్లదని పట్టింపు. పన్నెకు గుడ్డ చుట్టి ఉంటే విప్పి, పళ్ళకే బొట్టు పెడతారు. హారతి అయ్యాక ప్రతి వస్తువునూ ఒక్కసారి ఆడించి అప్పుడు విశ్రాంతి ఇస్తారు. నాడె ఒక్కసారి విసురుతారు, రాట్నం ఒక చుట్టు తిప్పుతారు.

షాపులో నా పూజ ముగించుకుని కొత్త అంగీ వేసుకుని పొద్దు నడినెత్తికి రాకముందే వెళ్ళాను. వాకిట్లో చుట్టుపక్కల వాళ్ళు పది మంది దాకా ఉన్నారు. డ్రమ్ము మీద సగం చుట్టిన పడుగు ఉంది, ఎర్ర పట్టు, పెళ్ళి చీరల అంచుకు. డబ్బాకు బంతిపూల దండ. మూత మీద అయిదు బొట్లు. చిన్నమ్మ తలస్నానం చేసి, జుట్టు ముడి వేసుకుని, నా కోసం చూస్తోంది.

"నువ్వే తిప్పు బిడ్డా. నువ్వు చేసింది నువ్వే తిప్పాలె. ఒక్క చుట్టు."

నాకు గర్వంతో ఛాతీ ఉబ్బింది. మూత తీసి చూడాలనే ఆలోచన ఎక్కడిది. స్విచ్చు వేసి బొత్తం మీద చెయ్యి పెట్టాను.

పేలింది. మూత దండతో సహా ఎగిరి దూలానికి తగిలింది. తెల్లటి మంట, కళ్ళు చెదిరాయి. వెంటనే రెండో చప్పుడు, కెపాసిటరు పగిలి, లోపలి వేడి ద్రవం, కాలిన కాగితం ముక్కలు పడుగు మీద చిమ్మాయి. ఎర్ర పట్టు జానెడు వెడల్పున నల్లగా మాడి, ముడుచుకుని, పోగులన్నీ కుప్పగా జారాయి. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. నా ముంజేయి మీద బొబ్బ లేచింది. కంపు, పొగ. ప్లగ్గు పీకి డబ్బాలోకి చూశాను.

ఆరు ట్రాన్సిస్టర్ల మీద ఆరు బొట్లు. తడి పసుపు, దాని మీద కుంకుమ, ఎంతో శ్రద్ధగా, ఒక్కోదానికి ఒక్కొక్కటి. చిప్పు మీద పెద్దది. బోర్డు మీద చల్లిన పసుపు నీళ్ళు ట్రాన్సిస్టర్ల కాళ్ళ మధ్య ఇంకా తడిగా మెరుస్తున్నాయి. ఆ తడి జతలో రెంటినీ ఒక్కసారే తెరిచింది.

"మూతకు పెడితె చెల్లదు గద," అంది చిన్నమ్మ. "బల్బు ఆరినంకనే తీసిన బిడ్డా. నువ్వు చెప్పినట్టే."

కొట్టాను.

ఎలా కొట్టానో తెలియదు అని రాయవచ్చు. చాలామంది అలాగే చెబుతారు. నాకు తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను, నిండు అరచేత్తో ఎడమ చెంప మీద కొట్టాను. ఆమె తల డ్రమ్ము చెక్కకు తగిలింది. రెండోసారి చెయ్యి లేపాను. అది కూడా కొట్టాను, అడ్డం పెట్టిన భుజం మీద, జారిన భుజం మీద. నోట్లోంచి ఒక్క మాట రాలేదు. నేను కూడా కొట్టేటప్పుడు మాట్లాడనని ఆ రోజే తెలిసింది. మూడోదానికి ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. చిన్నాయన. రెండు చేతులతో నా మణికట్టు పట్టుకుని వెనక్కి తోశాడు. ఆ తర్వాత ఆ రెండు చేతులూ పైకెత్తి, వాకిట్లో నిలబడ్డ వాళ్ళకు చూపించాడు.

"సూడుండ్రి. నేను ముట్టలే."

ఎవ్వరూ నవ్వలేదు. ఒక ముసలమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది. ఆమె వెనక ఒక్కొక్కరూ పోయారు. నేను డబ్బా వైపు తిరిగి నిలబడ్డాను, చిన్నమ్మ వైపు చూడలేక. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోతోంది, దాని కింద, చెప్పడానికి నోరు రాని ఇంకొకటి కూడా ఉంది. రెండు దెబ్బలు కొట్టాక లోపల చల్లబడింది. చిన్నాయన నాలుగు గుద్దులు గుద్ది, మళ్ళీ పోయి నిమ్మళంగా ఎలా నేస్తాడో నాకు అర్థమైంది. ఆ అర్థం కావడాన్ని నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

నాలుగు రోజులు ఆ గడప తొక్కలేదు. షాపులో తలుపు వేసుకుని కొత్త బోర్డు చేశాను. ఈసారి బోర్డు మొత్తానికి వార్నిష్ పూశాను, నీళ్ళు పోసినా ఏం కాకుండా. మూతకు తాళం పెట్టాను. మునుపటిదానికంటే మంచిగా తిరిగింది. దాన్ని ఎత్తుకుని అయిదో రోజు పగలు వెళ్ళాను. క్షమించమనే మాట దారి పొడుగునా నోట్లో తిప్పుకుంటూ పోయి, గుమ్మంలో నిలబడి, తీరా అన్న మాట ఇది.

"ఇగ ఇది కాలదు చిన్నమ్మా. ఏం జేసినా కాలదు."

ఆమె నేల మీద కూర్చుని మాడిన పట్టును కత్తెరతో వేరు చేస్తోంది. చెంప మీద నా వేళ్ళు పడ్డ చోట వాపు తగ్గి మచ్చ నిలిచింది. చిన్నాయన మగ్గం గుంటలో ఉన్నాడు, నాడె ఆపి వింటున్నాడు.

"ఆ బెల్టు ఇప్పు," అంది. "మోటరు తీస్కపో. పిడి బిగిచ్చి పో. ఎడమ చెయ్యితోని తిప్పుకుంట."

"ఎందుకు? మంచిగ తిరుగుతది. దారం తెగదు."

ఆమె కత్తెర కింద పెట్టింది. కోపంగా లేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ మాట్లాడినంత మామూలుగా అంది.

"దారం తెగితె ఒక్కడే కొడుతుండె. గిది కాలితె ఇద్దరు కొడుతరు. నాకొద్దు బిడ్డా."

బెల్టు విప్పాను. మోటారు దించాను. పాత పిడి వెతికి ఎడమ వైపుకు మార్చి బిగించాను. ఆమె వచ్చి ఎడమ చేత్తో ఒకసారి తిప్పి చూసుకుని, సరే అన్నట్టు తల ఊపింది. గుంటలో మగ్గం మళ్ళీ మొదలైంది. మోటారును భుజానికెత్తుకుని గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి, పగటి పూట వట్టి కడుపుతో పోకు, తిని పో అంది.

మోటారు దించి కూర్చున్నాను. కంచం పెట్టింది. అన్నం పెట్టింది, పప్పు పోసింది. కొట్టిన చేత్తోనే కలుపుకుని తిన్నాను.